గడి: తెలంగాణ దొరల కోట ఇల్లు

గడి అంటే తెలంగాణ పల్లెల్లో దేశ్‌ముఖులు, దేశ్‌పాండేలు, జాగీర్దారులు, పెద్ద పట్టేదారులు కాపురమున్న కోట వంటి ఇల్లు. ఎత్తయిన ప్రహరీ, మూలల్లో బురుజులు, ఏనుగు పట్టేంత దర్వాజ, లోపల కచేరి, భవంతి, ధాన్యపు కొట్లు, పశువుల కొట్టాలు, చేదబావి, చాలాచోట్ల ఒక గుడి కూడా ఉంటాయి. యుద్ధం కోసం కట్టిన కోట కాదిది. అలాగని ఒక్క కుటుంబం తలదాచుకోవడానికి కట్టుకున్న మామూలు ఇల్లూ కాదు. పన్ను వసూలు, పంచాయితీ, శిక్ష, వడ్డీ, పండుగ, పెళ్లి అన్నీ ఆ గోడల మధ్యే జరిగేవి. ఇప్పుడు కనిపించే గడీలలో ఎక్కువ భాగం ఆసఫ్‌జాహీల కాలంలో, అంటే 18వ శతాబ్దం మొదలు 20వ శతాబ్దం తొలి సగం దాకా కట్టినవి. పాత కరీంనగర్ జిల్లాలోని ఎల్లంతకుంట, సిరిసిల్ల, జగిత్యాల, కోరుట్ల ప్రాంతానికి గడీల చరిత్రలో ప్రత్యేక స్థానం ఉంది. గడి పెత్తనం బలంగా సాగిన నేలా ఇదే, దాన్ని కూలదోసిన రెండు పెద్ద ఉద్యమాలకు మనుషులను ఇచ్చిన నేలా ఇదే.

గడీలను కాపాడాలా, కూలనివ్వాలా అన్న ప్రశ్న తెలంగాణలో ఇంకా తేలలేదు. కాపాడాలన్నదే ఈ వ్యాసం పక్షం. అయితే గోడలతో పాటు, ఆ గోడలను ఎవరి చెమటతో లేపారో ఆ కథను కూడా కాపాడాలి. రెండోది లేకుండా మొదటిది చేస్తే అది సగం పనే అవుతుంది.

గడి ఎలా పుట్టింది

1724 నుంచి దక్కనును ఏలిన ఆసఫ్‌జాహీలకు పల్లె పల్లెకూ సొంత ఉద్యోగులను పంపే యంత్రాంగం ఉండేది కాదు. శిస్తు వసూలును స్థానికంగా బలమున్న కుటుంబాలకు గుత్తకు ఇచ్చేవారు. ఖజానాకు ఇంత కడతానని ఒప్పుకున్నవాడు ఊళ్ల నుంచి ఎంత రాబట్టుకున్నా అడిగే దిక్కు లేదు. పరగణా స్థాయిలో వసూలు చూసేవాడు దేశ్‌ముఖు, లెక్కలు రాసేవాడు దేశ్‌పాండే. 1853 నుంచి 1883 దాకా దివానుగా ఉన్న మొదటి సాలార్‌జంగ్ ఈ గుత్తల పద్ధతిని తీసేసి, జిల్లాలు ఏర్పరచి, జీతం తీసుకునే అధికారులను పెట్టాడు. వసూలు హక్కు పోయిన దేశ్‌ముఖులకు వతన్లు, రుసుములు పరిహారంగా దక్కాయి. అప్పుడే సర్వే, పట్టాల నమోదు కూడా మొదలయింది. కాగితం చదవగలిగినవాడికి, కచేరీలో పలుకుబడి ఉన్నవాడికి అది గొప్ప అవకాశం. తరతరాలుగా ఎవరో దున్నుకుంటున్న భూములు దొరల పేర పట్టా అయ్యాయి. శిస్తు వసూలుదారు భూస్వామిగా మారాడు. పన్ను గుత్తలు పోయాక గడి బలహీనపడాల్సింది. కానీ భూమి చేతికి రావడంతో ఇంకా బలపడింది.

పన్ను వసూలు అధికారం నుంచి పెద్ద ఇళ్లు లేవడం దక్కనులోనే జరిగింది కాదు. ఉస్మానీ తురుష్క సామ్రాజ్యంలో కూడా పన్నులను గుత్తకిచ్చే ‘ఇల్తిజాం’ పద్ధతి ఉండేది. 1695లో జీవితకాలపు గుత్త, ‘మాలికానే’ వచ్చింది. దాంతో అనటోలియాలోనూ సిరియాలోనూ ‘ఆయాన్’ అనే స్థానిక పెద్దల కుటుంబాలు వేళ్లూనుకున్నాయి. వాళ్లు కట్టుకున్న ‘కొనాక్’ అనే పెద్ద ఇళ్లలో మగవాళ్లు, అతిథులు కూర్చునే ‘సెలామ్లిక్’ వేరు, ఆడవాళ్లుండే ‘హరెమ్లిక్’ వేరు. బయట కచేరి, లోపల భవంతి అన్న గడి పొందిక కూడా ఇలాంటిదే. డమాస్కస్‌లో అజెమ్ కుటుంబపు పాషా 18వ శతాబ్దం మధ్యలో కట్టించిన ప్రాసాదం ఇవాళ జానపద కళల ప్రదర్శనశాల. తురుష్క దేశంలో సఫ్రన్‌బోలు పట్టణపు పాత ఇళ్ల సముదాయాన్ని యునెస్కో 1994లో ప్రపంచ వారసత్వ స్థలంగా గుర్తించింది. ఆ ఇళ్లలో జనం ఇప్పటికీ కాపురముంటున్నారు. మన గడీలకు అటువంటి రెండో జీవితం దొరకడం చాలా అరుదు.

గోడలు, దర్వాజలు, డంగుసున్నం

గడి ఎక్కువగా ఊరి మధ్యనో, ఊరికి కాస్త ఎత్తయిన చోటో ఉంటుంది. ఊళ్లోకి వచ్చేపోయే దారి దాని ముందుగానే సాగుతుంది. ఎవరు వచ్చారు, ఏ బండిలో ఏముంది అన్నది బురుజు మీది నుంచి తెలిసిపోయేది. పెద్ద దర్వాజకు ఇనుప గుబ్బలు దిగ్గొట్టి ఉంటాయి. దానిలోనే మనిషి వంగి దూరేంత దిడ్డి ఉంటుంది. రోజువారీ రాకపోకలన్నీ దిడ్డి నుంచే సాగేవి. తల వంచకుండా లోపలికి పోలేని ఆ ఏర్పాటు కాపలాకు పనికొచ్చేది, పెత్తనాన్ని గుర్తుచేయడానికీ పనికొచ్చేది.

దర్వాజ దాటగానే వాకిలి, ఒక పక్క కచేరి. దొర గద్దె మీదో పడక కుర్చీలోనో కూర్చుంటే పట్వారీ, పటేలు, సుంకరి, మస్కూరి చుట్టూ ఉండేవారు. ఊరివాళ్లు చెప్పులు విడిచి నేల మీద నిలబడేవారు. దాని వెనక నాలుగు వైపులా పడసాలలున్న భవంతి. నడుమ ఆకాశం కనిపించే వాకిలి, వాన నీళ్లు పోయే తూము. టేకు స్తంభాలు, వాటి మీద చెక్కిన బోదెలు, పైన దూలాలు. దూలాల మీద ఇటుకను నిలువుగా పేర్చి సున్నంతో కట్టిన మిద్దె కొన్ని భాగాలకు, గూన పెంకుల కప్పు మిగతా భాగాలకు. వంటిల్లు, పూజగది, పురిటి గది లోపలి వైపు ఉండేవి. వెనక వైపు గరిసెలు, పాతరలు, కొట్టాలు, మోటబావి ఉండేవి. 20వ శతాబ్దం వచ్చేసరికి రంగు అద్దాల కిటికీలు, గచ్చు పూలతో తీర్చిన కమానులు, విదేశీ పలకలు పరిచిన నేలలు కూడా చేరాయి. కాకతీయ కాలపు రాతి గుడి, మొగలాయి కమాను, ఐరోపా వరండా ఒకే ప్రహరీలో కలిసి కనిపించే గడీలు తెలంగాణలో ఉన్నాయి. గడి కట్టినవాడికి ఒకే శైలి అన్న పట్టింపు లేదు. తాను హైదరాబాదులో చూసి మెచ్చినదల్లా ఊరికి తెచ్చుకున్నాడు.

ఇన్నేళ్లు ఈ గోడలు నిలవడానికి కారణం డంగుసున్నం. కాల్చిన సున్నపురాయిని గుంతల్లో నీళ్లు పోసి చల్లార్చి, రోజుల తరబడి మగ్గనిచ్చి, ఇసుక కలిపి గుండ్రని గానుగలో ఎద్దులు లాగే రాతి చక్రం కింద మెత్తగా నలిపేవారు. బెల్లం నీళ్లు, కరక్కాయ నానబెట్టిన నీళ్లు కలిపేవారు. నున్నటి పైపూతకు కోడిగుడ్ల తెల్లసొన వాడేవారు. ఈ సున్నం నెమ్మదిగా గట్టిపడుతుంది, కానీ గోడలోకి చేరిన తేమను బయటికి పోనిస్తుంది. పాత గడి గోడకు సిమెంటు పూస్తే ఆ దారి మూసుకుపోతుంది. తేమ లోపలే నిలిచి, ఉప్పు పొంగి, ఇటుక పొరలు పొరలుగా రాలుతుంది. మంచి మనసుతో చేయించిన సిమెంటు మరమ్మతు వల్ల పాడైన పాత కట్టడాలు తక్కువేమీ లేవు. గడి సొంతదారులు మొదట తెలుసుకోవలసిన సంగతి ఇదే.

గడికి చావు పైనుంచి వస్తుంది. మిద్దె మీద ఒక్క చోట నీరు దిగితే దూలం నానుతుంది, నానిన టేకుకు కూడా చెద పడుతుంది, దూలం వంగితే మిద్దె కూలుతుంది. తరువాత గోడ తలమీద వాన నేరుగా పడుతుంది. పిట్టలు వేసిన రావి, మర్రి గింజలు పగుళ్లలో మొలిచి, వేళ్లు గోడను రెండుగా చీలుస్తాయి. మనుషులు కాపురముండి, ఏటా వానలకు ముందు మిద్దె చూసుకుంటే ఇవేవీ జరగవు. తాళం పడిన గడి ఎక్కువకాలం నిలవదు.

గడి కింద ఊరు

ఆ గోడలు లేపింది వెట్టి. రాయి మోసినవారికి, మట్టి తొక్కినవారికి, బండ్లు కట్టినవారికి కూలి ఇచ్చిన దాఖలాలు తక్కువ. చాకలి, మంగలి, కుమ్మరి, వడ్ల, కమ్మరి, మాదిగ, మాల, గొల్ల, గౌండ్ల, ఎవరి వృత్తికి తగిన వెట్టి వారికి ఉండేది. చెప్పులు, కుండలు, గొర్రెలు, కల్లు అన్నీ ఉచితంగా గడికి చేరాలి. దొర ప్రయాణం కడితే మేనా మోయాలి, ముందు పరుగెత్తాలి. దొరసాని వెంట ఆడబాపలను, అంటే దాసీలను, పెళ్లిలో అరణంగా పంపేవారు. వారి పిల్లలు కూడా గడిలోనే పుట్టి గడిలోనే పెరిగేవారు. నాగుకు, అంటే వడ్డీకి, తెచ్చిన ధాన్యం తీరక తరాల తరబడి జీతగాళ్లుగా ఉండిపోయిన కుటుంబాలు ప్రతి ఊళ్లోనూ ఉండేవి. గడి ముందు నుంచి పోయేటప్పుడు చెప్పులు చేతబట్టుకొని, తలగుడ్డ తీసి నడవాలి. ‘నీ కాల్మొక్త బాంచెన్’ అన్న మాట ఈ వాకిళ్లలోనే వాడుకైంది.

పుచ్చలపల్లి సుందరయ్య లెక్క ప్రకారం జనగామ తాలూకాలో విస్నూరు దేశ్‌ముఖు చేతిలో 40 వేల ఎకరాలు, సూర్యాపేట తాలూకాలో జన్నారెడ్డి ప్రతాపరెడ్డి చేతిలో లక్షన్నర ఎకరాలు ఉండేవి. అందరు దొరలూ ఇంత పెద్దవాళ్లు కారు, అందరూ ఒకేలా ప్రవర్తించలేదు కూడా. చెరువులు తవ్వించినవారు, గుళ్లు కట్టించినవారు, కవులను పోషించినవారు ఉన్నారు. నిజామాబాదు ప్రాంతంలో సిర్నాపల్లిని ఏలిన శీలం జానకీబాయిని అక్కడి జనం ఇప్పటికీ మంచిగానే తలుచుకుంటారు. కానీ మంచి దొర ఉన్నచోట కూడా వ్యవస్థ వెట్టిదే. దొర మంచితనం ఊరివాళ్ల అదృష్టం మీద ఆధారపడింది కానీ వాళ్ల హక్కు మీద కాదు.

సిరిసిల్ల నుంచి సిరిసిల్ల దాకా

నిజాం రాజ్యంలోని తెలుగువారి సంస్థ ఆంధ్ర మహాసభ. దాని నాలుగో సమావేశం 1935లో మాడపాటి హనుమంతరావు అధ్యక్షతన సిరిసిల్లలో జరిగింది. అప్పటికి మహాసభ వినతిపత్రాల సంస్థే. పదేళ్లు తిరిగేసరికి అదే ‘సంఘం’ పేరుతో ఊళ్లలో వెట్టి బందు పెట్టించింది. 1946 జూలై 4న కడవెండిలో విస్నూరు దేశ్‌ముఖు మనుషులు జరిపిన కాల్పుల్లో దొడ్డి కొమురయ్య చనిపోయాడు. అక్కడి నుంచి పోరాటం సాయుధ రూపం తీసుకుంది. అంతకుముందే పాలకుర్తిలో చాకలి ఐలమ్మ తన కౌలు భూమిలోని పంటను గడికి చేరనివ్వకుండా నిలబడింది.

కరీంనగర్ వైపు ఈ పోరాటాన్ని నడిపిన వారిలో ముఖ్యుడు బద్దం ఎల్లారెడ్డి. ఆయన ఊరు ఎల్లంతకుంట మండలంలోని గాలిపల్లి. 1952 తొలి సాధారణ ఎన్నికల్లో పీడీఎఫ్ (పీపుల్స్ డెమోక్రటిక్ ఫ్రంట్) తరఫున కరీంనగర్ నుంచి లోక్‌సభకు గెలిచాడు. ఆయన సహచరుడు, పోలంపల్లి భూస్వామి కుటుంబంలో పుట్టిన అనభేరి ప్రభాకరరావు, పట్వారీల దస్త్రాలను తగలబెట్టించే దళాన్ని నడిపి 1948 మార్చి 14న హుస్నాబాద్ దగ్గరి మహమ్మదాపురంలో నేలకొరిగాడు. కలిగిన ఇంట పుట్టి కలిగినవారి పెత్తనానికి ఎదురు తిరిగినవారు ఈ చరిత్రలో ఆయనొక్కడే కాదు. గడీల కథ చెప్పేటప్పుడు ఆ పేర్లను వదిలేయడం అన్యాయం.

1948 సెప్టెంబరులో హైదరాబాదు భారతదేశంలో కలిసింది. 1949లో జాగీర్లు రద్దయ్యాయి, 1950లో కౌలుదారీ చట్టం వచ్చింది. పోరాటానికి జడిసి పట్నం పారిపోయిన దొరలు పోలీసుల వెంట తిరిగి వచ్చారు. చాలాచోట్ల సర్పంచులు, సమితి అధ్యక్షులు కూడా గడి నుంచే వచ్చారు. రెండో దెబ్బ 1970ల చివర తగిలింది. 1978లో జగిత్యాల, సిరిసిల్ల తాలూకాల్లో రైతుకూలీ సంఘాలు దొరల ఆక్రమణలోని బంజర్లను, లంచాలుగా, జరిమానాలుగా గుంజుకున్న సొమ్మును తిరిగి ఇమ్మని అడిగాయి. లొంగని దొరలకు చాకలి, మంగలి, పాలేరు పనులు ఆపేసి సాంఘిక బహిష్కరణ పెట్టారు. ఎదుటివాడి పని మానేయడమే ఆయుధమైంది. గడిని నిలబెట్టినది గోడలు కావు, ఇతరుల చాకిరీ అని అప్పుడు దొరలకూ తెలిసింది, ఊరికీ తెలిసింది. ఆ సెప్టెంబరులో జగిత్యాలలో జరిగిన భారీ ప్రదర్శన జైత్రయాత్రగా పేరుపొందింది. అక్టోబరులో ప్రభుత్వం ఈ రెండు తాలూకాలను కల్లోలిత ప్రాంతాలుగా ప్రకటించింది. దొరలు ఇళ్లకు తాళాలు వేసి కరీంనగర్, హైదరాబాదు చేరారు. 1984లో పటేల్, పట్వారీ వ్యవస్థ రద్దుతో గడికి మిగిలిన చివరి పట్టు కూడా జారిపోయింది.

తాళం పడిన గడీలు ఒక్కోటి ఒక్కో దారి పట్టాయి. కొన్నింటిని నక్సలైట్లు పేల్చేశారు. కొన్నింటి టేకు స్తంభాలు, తలుపులు, చెక్కిన చట్రాలు వ్యాపారులకు అమ్ముడుపోయి నగరాల్లో హోటళ్ల అలంకారమయ్యాయి. కొన్ని బడులుగా, దవాఖానలుగా, పోలీసు ఠాణాలుగా మారాయి. సంస్థానాల ప్రాసాదాలకు ఈ విషయంలో కాస్త మంచి రాత పట్టింది. వనపర్తి రాజప్రాసాదంలో 1959లో పాలిటెక్నిక్ మొదలై, ఆ కట్టడం పిల్లల చదువుతో బతికింది. పల్లె గడికి అంత శ్రద్ధ దక్కలేదు.

దోమకొండ

సిరిసిల్లకు పడమటి దిక్కున, కామారెడ్డి జిల్లాలో ఉన్న దోమకొండ గడి దీనికి పెద్ద మినహాయింపు. కామినేని వంశీయుల సంస్థానానికి ఇది కేంద్రం. రాతి ప్రహరీ, బురుజులు, కందకం కలుపుకొని దాదాపు 40 ఎకరాల ఆవరణ. ఇప్పుడు కనిపించే కోట రూపం 18వ శతాబ్దానిది. లోపలి మహదేవుని గుడి అంతకంటే చాలా పాతది, కాకతీయుల కాలపు శిల్పం. అద్దాల మేడ అనే రెండంతస్తుల భవనంలో వంపు కమానులు, గచ్చు పని, ఎనిమిది పలకల స్తంభాలు, నడుమ వాకిలి ఉన్నాయి. ఆసఫ్‌జాహీ దర్బారు అభిరుచి, తెలుగు భవంతి పొందిక ఇక్కడ ఒకదాన్ని ఒకటి చెరపకుండా కలిశాయి.

పాడుబడిన ఈ గడిని బాగుచేసే పనికి ఆ కుటుంబమే పూనుకుంది. కోట కోసమూ ఊరి కోసమూ ఒక ట్రస్టు పెట్టి, సొంత ఖర్చుతో, చుట్టుపక్కల పనివారితో, సున్నం, రాయి, కర్ర వంటి పాత సామగ్రితోనే ఏళ్ల తరబడి మరమ్మతు చేయించింది. వాడుక తప్పిన సున్నపు పని అక్కడి మేస్త్రీల చేతికి మళ్లీ రావడం ఈ పనిలో దక్కిన పెద్ద లాభం. 2022లో యునెస్కో ఆసియా పసిఫిక్ సాంస్కృతిక వారసత్వ పరిరక్షణ పురస్కారాల్లో దోమకొండ కోటకు ‘అవార్డ్ ఆఫ్ మెరిట్’ దక్కింది. అదే ఏడు గోల్కొండ మెట్లబావులకు ‘అవార్డ్ ఆఫ్ డిస్టింక్షన్’ వచ్చింది. దోమకొండ గుడిలో పూజలు సాగుతాయి, కుటుంబం వేడుకలు అక్కడ జరుపుకుంటుంది, చూడటానికి జనం వస్తారు. వారసుల చేతుల్లోనే ఉండి, ఊరితో తెగిపోకుండా బతికిన గడి అంటే చూపించడానికి ఇంతకన్న మంచి ఉదాహరణ తెలంగాణలో లేదు.

హైదరాబాదు చౌమహల్లా దీనికి అన్న వరస. అది గడి కాదు, నిజాముల రాజప్రాసాదం. అయినా కుటుంబమే పూనుకొని కాపాడుకున్న తీరు ఒక్కటే. ఉస్మానీ వంశానికి చివరి ఖలీఫా అయిన రెండో అబ్దుల్ మజీద్ కుమార్తె దుర్రుషెహ్వార్‌కు, ఏడో నిజాం పెద్దకొడుకు ఆజంజాకు 1931లో ఫ్రాన్సులోని నీస్ నగరంలో పెళ్లయింది. వారి కొడుకు ముకర్రంజా, అతని మొదటి భార్య తురుష్క దేశంలో పుట్టిన ఎస్రా. శిథిలమవుతున్న చౌమహల్లా పునరుద్ధరణను ముందుండి నడిపింది ఆమే. 2010లో దానికీ యునెస్కో ‘మెరిట్’ పురస్కారం అందింది. ముకర్రంజా 2023 జనవరిలో ఇస్తాంబుల్‌లో కన్నుమూస్తే, భౌతికకాయాన్ని హైదరాబాదుకు తెచ్చి చౌమహల్లాలో జనం చూపు కోసం ఉంచి, మక్కా మసీదులో ఖననం చేశారు.

కథల్లో, తెరమీద

గడి లోపలి జీవితాన్ని చరిత్రకారుల కంటే ముందు రచయితలే రాసిపెట్టారు. వట్టికోట ఆళ్వారుస్వామి ‘ప్రజల మనిషి’, దాశరథి రంగాచార్య ‘చిల్లర దేవుళ్లు’ నవలల్లో కచేరి, వెట్టి, ఆడబాపల బతుకు కళ్లకు కడతాయి. గౌతం ఘోష్ తీసిన ‘మా భూమి’ 1980లో విడుదలైంది. దాని నిర్మాతల్లో ఒకరైన బి. నర్సింగరావు 1988లో ‘దాసి’ తీశారు. ఒక గడిలో ఒక దాసి బతుకు తప్ప ఆ సినిమాలో ఇంకేమీ లేదు. తోట వైకుంఠం కళాదర్శకత్వంలో గడి గదులు, వాకిళ్లు, నీడలు అందులో మాటల కంటే ఎక్కువ చెబుతాయి. కథానాయిక అర్చనకు ఉత్తమ నటి పురస్కారంతో కలిపి దానికి 5 జాతీయ పురస్కారాలు వచ్చాయి. గడి చూడబోయేవారు ముందు ‘దాసి’ చూసి వెళ్లడం మంచిది.

ఇప్పుడు చేయవలసింది

తెలంగాణ ప్రభుత్వం 2017లో వారసత్వ పరిరక్షణ చట్టం తెచ్చింది. కానీ చాలా గడీలు రక్షిత కట్టడాల జాబితాలో లేవు. అవి ప్రైవేటు ఆస్తులు, పొత్తులో చిక్కుకున్న ఆస్తులు. అన్నదమ్ముల వాటాలు తేలేలోపు మిద్దె కూలుతుంది. అన్నింటినీ దోమకొండలా తీర్చడానికి ఏ కుటుంబానికీ ఏ ప్రభుత్వానికీ డబ్బు చాలదు, అవసరమూ లేదు. మిద్దె మీద నీరు దిగకుండా చూడటం, చెట్లు పీకించడం, సున్నంతో పగుళ్లు పూడ్చడం, ఈ మూడూ చేస్తే గడి ఇంకో తరం నిలుస్తుంది. ఊరి గ్రంథాలయమో, బడి గదో, నేతపనివారి అంగడో అందులో పెడితే గడి తలుపు అందరికీ తెరిచి ఉంటుంది. మరమగ్గాల సిరిసిల్లలో అది కష్టమైన ఆలోచనేమీ కాదు.

విలాసపు హోటలుగా మారిన గడిలో పడక కుర్చీ, మేనా, వేట తుపాకి చూపి, వెట్టి మాట ఎత్తకపోతే అది వారసత్వం కాదు, అలంకరణ. కచేరి గోడ మీద దొరల పటాల పక్కనే ఆ గడికి రాయి మోసిన కులాల పేర్లు, చేసిన వెట్టి రకాలు, తిరగబడిన సంవత్సరం, చనిపోయినవారి పేర్లు కూడా ఉండాలి. గడి వారసులకు ఇందులో అవమానమేమీ లేదు. తాతలు చేసినదాన్ని దాచకుండా చెప్పిన మనవలను ఊరు గౌరవిస్తుంది.

1978 నాటికి పాతికేళ్లున్నవారికి ఇప్పుడు డెబ్బై దాటాయి. వెట్టి చేసిన చేతులు, కచేరిలో నిలబడ్డ కాళ్లు ఇంకా కొన్ని ఊళ్లలో ఉన్నాయి. ఎల్లంతకుంట, ఇల్లందు, జనగామ, ఏ ఊరైనా సరే, మీ ఊళ్లో గడి ఉంటే ఈ వానలకు ముందే దాని నాలుగు దిక్కులా ఫొటోలు తీయండి, కొలతలు రాసుకోండి. ఊళ్లో పెద్దవాళ్లను కూర్చోబెట్టి, ఆ గడి గురించి వాళ్లు చెప్పేదంతా వాళ్ల మాటల్లోనే రికార్డు చేయండి.